సున్నా బొట్టు

“మా ఆయనకి మార్కులు బాగా పెరిగాయంటండీ! ఆయ్, డాక్టరమ్మగారే చెప్పారు. నోరు తీపి చేసుకోండి” అంటూ సత్తెమ్మ గుండెజబ్బుల వార్డులో మంచం మంచానికీ తిరిగి జీళ్ళు పంచుతోంది. నేను రక్తం గొట్టాల ట్రే పట్టుకుని లోపలికి వచ్చేసరికే సగం వార్డు నోట్లో జీడి సాగుతోంది. డ్యూటీ నర్సు నోట్లో కూడా సాగుతోంది కాబట్టి ఆవిడ అడ్డు చెప్పలేకపోయింది.

“ఏం పరీక్ష రాశాడమ్మా మీ ఆయన?” అన్నాను.

“రక్తం పరీచ్చండి. బస్సు తోలినన్నాళ్ళూ ఏ పరీచ్చా రాయలేదు. ఇప్పుడు మంచం మీదుండి పాసయ్యాడు.”

అప్పుడు అర్థమైంది. డాక్టర్ మృణాళిని ‘మార్కర్లు పెరిగాయి’ అని ఉంటుంది. ఈవిడకి మార్కులు అని వినిపించి ఉంటుంది.

“మార్కులు కాదమ్మా, మార్కర్లు. గుండె గోడ బరువు మొయ్యలేక సాగినప్పుడు రక్తంలోకి కొన్ని పదార్థాలు కారుస్తుంది. అవి పెరిగాయంటే గుండె కష్టపడుతోందని అర్థం. ఈ పరీక్షలో ఎంత తక్కువ వస్తే అంత గొప్ప. నేనూ లెక్కల్లో ఎప్పుడూ తక్కువే తెచ్చేవాణ్ణి, మా నాన్నే ఆ గొప్పతనం గుర్తించలేదు.”

వార్డు నవ్వింది. సత్తెమ్మ నవ్వలేదు. చేతిలో మిగిలిన జీళ్ళ పొట్లం వంక చూసుకుని, “అయితే పంచినవి ఎనక్కి తీసేసుకోనాండీ?” అంది.

“మింగినోళ్ళనన్నా ఒగ్గెయ్యవే” అన్నాడు మంచం మీద నుంచి వీర్రాజు, ఆయాసపడుతూ. ఇరవై తొమ్మిదేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు బాత్రూమ్ దాకా నడవాలంటే మధ్యలో రెండు స్టాపులు.

నా పేరు భుజంగరావు. పేరులో పాము, చేతిలో సూది, కాటు గ్యారంటీ. కాకినాడలో మా గుండె ఆసుపత్రి లాబొరేటరీకి సీనియర్ టెక్నీషియన్ని. రోగులకి రక్తం తియ్యడం కన్నా మాటలతో రక్తి కట్టించడం ఎక్కువ అని పేరు. సూది గుచ్చే ముందు ఒక మాట అంటాను, మనిషి నవ్వుతాడు, నవ్వు ఆగేలోపు గొట్టం నిండిపోతుంది.

మృణాళినిగారు పదేళ్ళు కూర్చుని తయారుచేసిన మిషన్ మా దగ్గరే ఉంది. పేరు ‘హృదయసూచి’. ఒక్క రక్తపు బొట్టు అట్ట మీద వేసి లోపలికి తోస్తే అందులోని మూడు ప్రోటీన్లని లెక్కపెట్టి, ఈ గుండె ఇంకెన్ని రోజులు లాగుతుందో అంకె చెబుతుంది. ‘రోజులు బాగున్నాయి’ అనే మాటకి మా లాబ్‌లో ఒకటే అర్థం. నూట ఎనభై కన్నా తక్కువ వస్తే ఛాతీలో గుండెకి సాయంగా చిన్న పంపు పెడతారు. నెలకి రెండు గురువారాలు ఆపరేషన్ చేసే బృందం వస్తుంది. ఎక్కువ వస్తే మందులూ, ఉప్పులేని కూడూ, ఇల్లూ.

వీర్రాజు బొట్టు వేశాను. మిషన్ ఏడు నిమిషాలు గొణిగి అంకె వేసింది. వెయ్యిన్నీ నాలుగువందల పన్నెండు. అంటే దాదాపు నాలుగేళ్ళు.

మృణాళినిగారు అంకె చూశారు, తర్వాత వీర్రాజు కాళ్ళు చూశారు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. “నాకైతే ఈయనకి పంపు కావాలనిపిస్తోంది భుజంగరావుగారూ” అన్నారు మెల్లగా.

“మీ చెవి మాట వినాలా, మీరు చేసిన మిషన్ మాట వినాలా మేడమ్?” అన్నాను.

ఆవిడ మళ్ళీ అంకె వైపు చూశారు. ఆ మిషన్ కోసం పదేళ్ళు పెట్టిన మనిషి. డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టారు.

సత్తెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. “పంపు పెట్టరాండీ?”

“పంపు అక్కర్లేదమ్మా. ఇంటికి పంపు, అంతే” అన్నాను.

ఈసారి ఆవిడ కూడా నవ్వింది. ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనమనలేదు.

*

మా ఆవిడ హైమావతి పొద్దున్నే దుప్పట్లు మడతపెడుతూ అడిగింది. “మీ తల కింద మూడు దిళ్ళు ఎందుకండీ? ఇది పడుకోవడమా, కూర్చోవడమా?”

“మెట్టు మెట్టుగా నిద్రలోకి దిగుతున్నానే.”

“కొత్త చెప్పులు అప్పుడే బిగుతయ్యాయన్నారు.”

“చెప్పులు కుదించుకుపోయాయి. తోలు కదా, ముసలిదై ముడతపడింది.”

“మెట్లెక్కితే ఆయాసం, ఏమన్నా అంటే నీరసం.”

“నీరు, రసం రెండూ ఉన్నదే నీరసం. రెండూ మంచివేగా?”

ఆవిడ పెసరట్టు పెట్టింది, పక్కన ఆవకాయ వేసింది. తినేసి ఆరున్నరకల్లా లాబ్‌లో ఉన్నాను. అంతకన్నా ఆలస్యం కుదరదు. ఎందుకంటే మిషన్ నిద్ర లేచేది నా రక్తంతో.

ఆ సంగతి చెప్పాలి. మిషన్ రోగి రక్తాన్ని ఉత్తినే లెక్కపెట్టదు. ఆరోగ్యవంతుడి రక్తంతో పోల్చి లెక్కపెడుతుంది. ఆ మూడు ప్రోటీన్లలో ఒకటి ఒంట్లోంచి బయటికి వచ్చాక గంటసేపు కూడా నిలవదు. సీసాలో పెట్టి దాచుకునే వీల్లేదు. రోజూ పొద్దున్నే ఎవరో ఒక ఆరోగ్యవంతుడు తాజా బొట్టు ఇవ్వాలి. దాన్ని మేము సున్నా బొట్టు అంటాం. మొదట్లో వంతులవారీగా ముగ్గురం ఇచ్చేవాళ్ళం. ఒకాయన రిటైరయ్యాడు, ఒకావిడ పెళ్ళి చేసుకుని ఏలూరు వెళ్ళింది. ‘భుజంగరావుగారు ఉన్నారుగా’ అన్నారు. ఉన్నాను. నాలుగేళ్ళు ఉన్నాను. నా ఎడమచేతి చూపుడువేలి కొస కాయ కాసిపోయి స్పర్శ కూడా పోయింది.

“ఆసుపత్రి మొత్తానికి నార్మల్ మనిషిని నేనొక్కణ్ణే, కావాలంటే మిషన్ని అడగండి” అని అందరితో అనేవాణ్ణి.

*

వీర్రాజు అరవై నాలుగో రోజున చనిపోయాడు.

మూడోనాడు సత్తెమ్మ కాగితాల కోసం ఆసుపత్రికి వచ్చింది. వెంట కూతురు భవాని, ఆడపడుచు మంగాయమ్మ ఉన్నారు. మా లాబ్‌లో ఒక రిజిస్టర్ ఉంది. మిషన్ చెప్పిన గడువుకన్నా ముందు ఎవరైనా పోతే, ఎందుకు పోయారో కుటుంబాన్ని అడిగి రాయాలి. నాలుగేళ్ళలో ముప్ఫయ్యొక్క పేర్లు. కారణాల గడిలో ఎక్కువగా ఉన్నది ఒకటే మాట, ఉప్పు. చేతిరాత నాదే.

“ఏం పెట్టావమ్మా?” అన్నాను పెన్ను తీసి.

“ఏమీ పెట్టలేదండి. అంతా చప్పిడే.”

“గుర్తు తెచ్చుకో. అప్పడం, పచ్చడి, ఎండుచేప?”

“ఒక్కరోజండి. ఒక్క ఆవకాయ బద్ద. నోరు చచ్చిపోయిందే అని అడిగారు. నీళ్ళతో కడిగి పెట్టానండి.”

“ఇన్నావా భవానీ!” అంది మంగాయమ్మ గట్టిగా. “డాక్టర్లు నాలుగేళ్ళు బతుకుతాడన్నారు. మీ అమ్మ ఆవకాయతో సాగనంపింది మా తమ్ముణ్ణి!”

“కడిగానొదినా...”

“కడుగుతావు. ఇప్పుడు కడుగు, ఆడి బొమ్మకి దండేసి కడుగు!”

తల్లి చేతిలోని సంచీ భవాని తీసుకుని, తల్లికి కాస్త దూరంగా జరిగి నిలబడింది. అంతే చేసింది.

నేను గడిలో ‘ఆవకాయ’ అని రాశాను. ముప్ఫయ్యొక్క గడులు నింపేసరికి గడి నింపడం ఒక్కటే మిగిలింది.

*

ఆ తర్వాత రెండు రోజులకి, నేను పొద్దున్న బొట్టు ఇచ్చి వచ్చాక, హైమ మొక్కు తీర్చుకుందామని అన్నవరం తీసుకెళ్ళింది. మెట్ల మీదుగానే ఎక్కాలంది. సగం దాకా ఎక్కాను. ఇక అడుగు పడలేదు. రాతి మెట్టు మీద కూర్చున్నాను. ఊపిరి గొంతు దాకా వచ్చి లోపలికి వెళ్ళడం లేదు.

“ఏమయిందండీ?”

“సత్యదేవుడు కిందికి దిగి వస్తాడేమోనని చూస్తున్నాను.”

“వేళాకోళం ఆపండి. పెదాలు నీలంగా ఉన్నాయి.”

ఆవిడ ఆటో పిలిచింది. ఆ రాత్రి సత్రంలోనే ఉండిపోయాం. మర్నాడు ఉదయం నేను లాబ్‌లో లేను. నాలుగేళ్ళలో మొదటిసారి.

ఆ రోజు సున్నా బొట్టు షహనాజ్ ఇచ్చింది. మా లాబ్‌లో నా తర్వాతి టెక్నీషియన్. ముప్ఫయ్యారేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. జగన్నాథపురం నుంచి వంతెన దాటి రోజూ సైకిల్ తొక్కుకుంటూ వస్తుంది. ఆ రోజు పంతొమ్మిది మంది రోగులకి పరీక్ష చేస్తే పంతొమ్మిది మందికీ రోజులు కూలిపోయాయి. ముందురోజు తొమ్మిదివందలు వచ్చినవాడికి నూట నలభై. పదిహేడువందల ఆవిడకి మూడువందలు.

మర్నాడు నేను వచ్చి నా బొట్టు ఇచ్చాను. అంకెలన్నీ మళ్ళీ పైకి లేచాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

“తేడా షహనాజ్ రక్తంలోనే ఉంది” అన్నారు మృణాళినిగారు. “ఏదో లోపం. రక్తహీనతేమో. అన్ని పరీక్షలూ చేయించండి.”

షహనాజ్ రెండు రోజులు తిండి తినలేదు. పిల్లలతో ఏం చెప్పాలో ఆలోచించుకుందట. మూడోరోజు రిపోర్టులు తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఎకో, రక్తం, కిడ్నీ, లివర్. మచ్చ లేదు.

“సార్, నాకేమీ లేదంట. గుండె గుర్రంలా ఉందన్నాడు ఎకో తీసినాయన.”

“గుర్రమా? అయితే గుగ్గిళ్ళు పెట్టాలి.”

ఆమె నవ్వలేదు. “సార్, నాకు తేడా లేకపోతే, మరి తేడా ఎవరికి సార్?”

లాబ్‌లో మేమిద్దరమే ఉన్నాం.

రూలు ప్రకారం సున్నా బొట్టు ఇచ్చే మనిషి ఆరోగ్యం ఆరునెలలకోసారి చూడాలి. చూశాం. ఎనిమిదిసార్లు చూశాం. నా సున్నాతో లేచిన ఈ మిషన్‌లోనే నా రక్తం పెట్టి చూశాం. నన్ను నాతో పోల్చి, తేడా ఏమీ లేదని రాసుకున్నాం. సున్నాలోంచి సున్నా తీసేస్తే సున్నా. లెక్కల్లో నేను నూటికి నూరు తెచ్చుకున్నది ఆ ఎనిమిదిసార్లే.

“నీ వేలు ఇవ్వమ్మా” అన్నాను.

షహనాజ్ బొట్టుతో మిషన్ లేపాం. రోగి స్థానంలో నా బొట్టు వేశాను. ఏడు నిమిషాలు. షహనాజ్ తెర వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

నూట డెబ్బయి ఒకటి.

అంకె చదివాను. ఎవరిదో అంకె చదివినట్టే ఉంది. వీర్రాజు రక్తం పాత లెక్క ఇంకా మిషన్‌లోనే భద్రంగా ఉంది. దాన్ని కూడా షహనాజ్ సున్నాతో పోల్చి చూశాను.

అరవై ఎనిమిది.

అతను పోయింది అరవై నాలుగో రోజున. మిషన్‌కి నాలుగు రోజులు తేడా. అంత గొప్ప మిషన్ అది.

*

మృణాళినిగారు రెండు కాగితాలూ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

“ఎప్పట్నుంచి ఉండి ఉంటుంది మీకు?”

“చెప్పులు బిగుతయినప్పట్నుంచీ అనుకుంటానండి.”

“భుజంగరావుగారూ, ప్లీజ్.”

“హాస్యం కాదు మేడమ్. నిజంగానే అప్పట్నుంచీ. ఒకటిన్నర, రెండేళ్ళు. నా గుండె కిందికి దిగినకొద్దీ సున్నా పైకి జరిగింది. దాంతోపాటు అందరి రోజులూ పెరిగాయి.”

ఆవిడ రిజిస్టర్ తెరిచి ఆ రెండేళ్ళ పేర్ల మీద వేలు జరుపుకుంటూ వెళ్ళారు. ప్రతి గడి దగ్గరా వేలు ఆగింది. ఉప్పు. ఉప్పు. మందులు మానేశాడు. ఉప్పు. చివరి గడి దగ్గర ఆగిపోయింది.

“నా చెవికి వినపడింది ఆ రోజు” అన్నారు. గొంతులో ఏడుపు లేదు, ఏమీ లేదు. “విన్నాను నేను.”

తర్వాత ఫోన్ తీసుకున్నారు. ఇంకా బతికి ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి వెనక్కి పిలిపించమని షహనాజ్‌తో చెప్పారు. రేపటి నుంచి సున్నా బొట్టు ఇచ్చేవాళ్ళకి ఎకో తీయించకుండా వేలు ముట్టుకోవద్దన్నారు. నా వైపు తిరిగి, “మీరు ఇప్పుడే అడ్మిట్ అవండి. వచ్చే గురువారం మీకు పంపు” అన్నారు.

“ఎల్లుండి వీర్రాజు పెద్దకర్మండి. వెళ్ళొచ్చి పడుకుంటాను.”

“అక్కడికెళ్ళి ఏం చెబుతారు? ముందు ఆసుపత్రి కమిటీకి రిపోర్ట్ చెయ్యాలి. తర్వాత కుటుంబాలకి ఉత్తరాలు పంపుతాం. నేను స్వయంగా సంతకం పెడతాను.”

“పంపండి మేడమ్. కానీ ఆవకాయ పెట్టావా అని ఆవిణ్ణి అడిగింది కమిటీ కాదుగా. నేను.”

*

వీర్రాజు ఊరు సామర్లకోట దాటాక మూడు కిలోమీటర్లు. వీధిలో షామియానా వేశారు. భోజనాల బంతులు నడుస్తున్నాయి. విస్తళ్ళలో గుమ్మడికాయ కూర, పప్పు, పులిహోర, బూరెలు ఉన్నాయి. ఆవకాయ మాత్రం ఏ విస్తట్లోనూ లేదు. ఆ ఇంట్లో జాడీ పగలగొట్టేశారని తర్వాత తెలిసింది. కొట్టింది భవాని.

సత్తెమ్మ లోపలి గదిలో గోడవారన కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళున్నారు, కానీ ఆవిడ పక్కన చాప ఖాళీగా ఉంది.

“ఇదిగో, రక్తం తీసే బాబుగారు వచ్చారు” అంది మంగాయమ్మ. “ఆయనే రాసుకున్నారు కదా ఏం పెట్టి చంపిందో. అడగండి.”

“అది చెప్పడానికే వచ్చానమ్మా. అందరూ వినేట్టు చెప్పాలి.”

తింటున్నవాళ్ళు చేతులు ఆపారు. వడ్డించేవాళ్ళు బకెట్లు కింద పెట్టారు. నా గొంతు పెద్దదని కాకినాడ అంతా చెబుతారు. ఆ రోజు పెంచక్కర్లేకపోయింది.

“మీ ఊళ్ళో తక్కెడ చూశారు కదండీ. ఒక పళ్ళెం అడుగున ఎవరికీ కనపడకుండా చింతపండు ముద్ద అంటిస్తే ఏమవుతుంది?”

“తూకం తప్పుతుందండి” అన్నాడు ఒక ముసలాయన.

“వీర్రాజుగారి గుండెని మేము ఒక తక్కెడలో తూచాం. ఒక పళ్ళెంలో ఆయన రక్తం. రెండో పళ్ళెంలో ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం. ఆ ఆరోగ్యంగా ఉన్న మనిషిని నేను. కానీ నాకూ ఆయనకున్న జబ్బే ఉంది. నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. జబ్బు మనిషిని జబ్బు మనిషితో తూచి, ఇద్దరూ సమానంగా ఉన్నారు, బాగానే ఉన్నారు అనుకున్నాం. నాలుగేళ్ళు అన్నది అలా వచ్చింది. ఆ చింతపండు ముద్దని నేను. సరిగ్గా తూచి ఉంటే ఆ రోజు వచ్చేది అరవై ఎనిమిది రోజులు.”

“అయితే ఆవకాయ?” అంది మంగాయమ్మ. గొంతు తగ్గింది.

“కడిగిన ఒక్క బద్దకి మనిషి పోడమ్మా. అది పెట్టకపోయినా ఆయన ఆ వారమే పోయేవారు. మీ వదినమరదళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు తెలీదు. నా రిజిస్టర్‌లో మాత్రం ఆ మాట కొట్టేసి వచ్చాను. దాని స్థానంలో నా పేరు రాశాను.”

భవాని గడప పట్టుకుని నిలబడి ఉంది. తల్లి వైపు చూడలేకపోతోంది. చివరికి వెళ్ళి ఆ ఖాళీ చాప మీద కూర్చుంది. మోకాలు తల్లి మోకాలికి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

సత్తెమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“ఆ అరవై ఎనిమిదే వచ్చుంటే, పంపు పెట్టేవోరాండీ?”

అబద్ధం ఒకటి నాలుక మీదికి వచ్చింది. మంచి అబద్ధమే. మింగేశాను.

“పెట్టేవాళ్ళం.”

“ఉండేవోరా?”

“ఉండేవారమ్మా. ఐదారేళ్ళన్నా.”

ఆవిడ తల ఊపింది. అరుస్తుందేమో, అరిస్తే బాగుండునని చూశాను. ఎవరో వెనక నుంచి “మీరంతా కలిసి...” అని మొదలుపెట్టి ఆపేశారు. వీధిలో నుంచి ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది.

“మీక్కూడా అదే జబ్బన్నారు” అంది సత్తెమ్మ. “మీకెన్ని రోజులండీ?”

“నూట డెబ్బయి ఒకటి. అది రెండు రోజుల కిందటి మాట. గురువారం పంపు పెడతామంటున్నారు. పెట్టాక ఎలా ఉంటుందో పెట్టాక తెలుస్తుంది.”

“మీ ఆవిడగారికి చెప్పారా?”

తల అడ్డంగా ఊపాను. అడ్మిట్ అవ్వాలని కూడా చెప్పలేదు ఇంట్లో. ఆఫీసు పని మీద సామర్లకోట వెళ్తున్నానని చెప్పి వచ్చాను.

“ఆవిడ మీకు ఉప్పేసే పెడతారు కదండీ?”

“వేస్తుందమ్మా. పొద్దున్న కూడా పెసరట్టులోకి ఆవకాయ వేసింది.”

“అయితే ఇప్పుడే చెప్పండి. ఇక్కణ్ణుంచే చెప్పండి, ఇంతమంది ఇనేట్టు.” ఆవిడ మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది. “గురువారం ఎటు పోయి ఎటొచ్చినా, రేపు ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనకుండా.”

ఫోన్ తీశాను. కాయ కాసిన వేలికి తెర పలకలేదు. బొటనవేలితో నొక్కాను. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను. రెండు రింగులకే ఎత్తింది.

“ఎక్కడున్నారండీ? అన్నం వార్చేశాను.”

“హైమా, ముందు ఒక మాట విను. నీ వంటలో తప్పేమీ లేదు.”

“ఇదేం కొత్త హాస్యమండీ?” అంది మా ఆవిడ నవ్వుతూ.

“హాస్యం కాదే. మా మిషన్ పొద్దున్నే లేవాలంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఒక బొట్టు కావాలి...” అని మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. షామియానా కింద అందరూ రెండోసారి విన్నారు. అవతల హైమ నవ్వడం మానేసింది.